కింద నుంచి తీసేసిన పేరా

ఆమె చదువుతున్న వాక్యం పేపర్లో లేదు.

నా చేతిలో ఉన్న ప్రతిలో వెతికాను. పక్కన కూర్చున్న, టైపు చేసి పేజీలు పెట్టే ఆపరేటర్ తన ప్రతిలో వేలు పెట్టి వెతికాడు. ఎదురుగా ప్రకటనల పని చూసే అతను బజ్జీ నములుతూ ఆగిపోయాడు. బళ్లారిలో మా పత్రికకున్న చిన్న ఆఫీసు అది. మధ్య బల్ల మీద బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పొగలు కక్కుతున్నాయి. మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి నిలబడి, తన పేరుతో అచ్చయిన మొదటి వార్తను మాకు చదివి వినిపిస్తోంది. మొదటి రెండు వాక్యాలు తడబడుతూ, కూడబలుక్కుంటూ చదివింది. ఆ తర్వాత గొంతు సాఫీ అయింది. చూపు కాగితం మీదే ఉంది కానీ కదలడం లేదు. ఆటోలోంచి జారిపడి చేయి విరిగిన ఒక పిల్ల గురించి చెబుతోంది. ఆ పిల్లను పనిలోంచి తీసేసి, తనంతట తనే మానేసిందని ఆమె పనిచేసిన జీన్స్ షెడ్డు యజమాని చెప్పుకుంటున్నాడని చెబుతోంది. ఒక్క మాట తడబడలేదు. అదంతా ఆమె కంఠతా చెబుతోందని మాకు అర్థమైంది. మా ముగ్గురి చేతుల్లో ఉన్న ప్రతుల్లో వార్త అంతకు ముందే అయిపోయింది. దాని కింద ఒక నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షల ప్రకటన, దండలు, నవ్వులు.

ఆమె ముగించి తలెత్తింది. చప్పట్లు కొట్టాలి. ఎవరూ కొట్టలేదు.

ఈ చదివించే ఆచారం మా ఆఫీసుది. వెనకటి రోజుల్లో, అచ్చుకు వెళ్లే ముందు ఒకరు పైకి చదివితే ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టి సరిచూసేవారు. ఆ పని ఎప్పుడో పోయింది. దాని గుర్తుగా ఇదొకటి మిగిలింది. కొత్తగా చేరినవాళ్ల పేరుతో మొదటిసారి వార్త వచ్చిన రోజు, వాళ్లు నిలబడి పైకి చదవాలి, మిగతావాళ్లం తలా ఒక ప్రతి పట్టుకుని అనుసరించాలి. తప్పు దొరికితే ఆటపట్టించాలి. ఉగ్గాని ఖర్చు ఆఫీసుది. కొత్తవాళ్లకు అదొక ముచ్చట. ఆ రోజు మాత్రం మా చేతుల్లోని పేపర్లను ఎక్కడ దాచాలో తెలియలేదు.

కొత్తవాళ్లకు పని నేర్పే బాధ్యత నాది. దాని గురించి నాకు కొంత గర్వం కూడా ఉండేది. ఆమెకు ముందు వచ్చినవాళ్ల కథలు నేను బాగా చెప్పేవాణ్ని, అందరూ బాగా నవ్వేవాళ్లు. ఒకబ్బాయి మొదటి రోజే మైకు ఎక్కడని అడిగాడు. ఇది పేపరు బాబూ, మైకు ఉండదు అంటే, మరి జనానికి మనం రిపోర్టరని ఎలా తెలుస్తుంది అన్నాడు. ఇంకొకడు ఆదివారం సెలవు లేదని తెలిసి, మధ్యాహ్నం భోజనానికని వెళ్లి తిరిగి రాలేదు. మరొకడు బాగానే రాసేవాడు. పండక్కి ప్రకటనలు తెమ్మని పంపితే అటునుంచి అటే మానేశాడు. ఇప్పుడు ఒక పార్సిల్ కంపెనీ గోడౌన్లో ఉన్నాడు. రోడ్డు మీద కనిపిస్తే బండి ఆపి ఆరోగ్యం అడుగుతాడు. "ఇంకా ఆడే ఉండావా అప్పా?" అని జాలిగా చూస్తాడు.

వాళ్లు ఏమేం ఆశించి వచ్చారో నాకు బాగా తెలుసు. జీతం, సెలవు, గుర్తింపు కార్డు, బండి మీద 'ప్రెస్' అని ఎర్రటి అక్షరాలు. అవన్నీ నాకు నవ్వులాటగా ఉండేవి. కొత్తవాళ్లు ఆశించేది అంతేనని అనుకున్నాను.

ఈ అమ్మాయిది మా బళ్లారి వైపు ఎమ్మిగనూరు పక్కన, కాలువ కింద వెలసిన క్యాంపు ఊళ్లలో ఒకటి. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి వరి వేసుకున్న కుటుంబం. ఇంట్లో గోదావరి తెలుగు, ఊళ్లో కన్నడం, బళ్లో ఇంగ్లీషు. డిగ్రీ అయ్యాక నాన్న వద్దన్నా వినకుండా మా ఆఫీసు మెట్లెక్కింది. తెలుగు వచ్చా అని అడిగాను. వచ్చు సార్ అంది. అబద్ధం కాదు. ఆమె మాట్లాడుతుంటే మా ఆపరేటర్ పని ఆపి వినేవాడు. అతనిది తరతరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబం, ఇక్కడి యాసే. "మీ తెలుగు సినిమాలో ఉండే తెలుగు పాపా. మాది రాళ్లల్లో నడిచినట్టు ఉంటాది" అనేవాడు. ఆమె కూడా తగ్గేది కాదు. అన్నా, మీరు కన్నడం కలపకుండా ఒక వాక్యం చెప్పండి, నేను మీకు టీ తెస్తాను అనేది. అతను ఆలోచించి, ఆలోచించి, "సాకు బిడు పాపా, నా టీ నేనే తాగుతా" అనేవాడు. చాలు వదిలెయ్ అనడం కూడా కన్నడంలోనే.

తెలుగు చదవడం వచ్చా అని నేను అడగలేదు. కన్నడ అక్షరాలూ తెలుగు అక్షరాలూ అన్నదమ్ముల్లా ఉంటాయి కాబట్టి, ఈ ప్రాంతంలో ఒకటి వచ్చినవాళ్లు రెండోదాన్ని కాస్త ఓపిక పడితే పోల్చుకుంటారు. ఆమె కూడా అంతే. పెద్ద అక్షరాల్లో ఉన్న శీర్షిక తెలుస్తుంది. తన పేరు తెలుస్తుంది. చిన్న అక్షరాల్లో బారెడు వార్త చదవాలంటే మాత్రం గంట పట్టేది. మాకది బయటపడే అవకాశమే రాలేదు. ఎందుకంటే ఇప్పుడు రాసి పంపేవాళ్లు తక్కువ. ఊరికి పోవడం, నలుగురితో మాట్లాడడం, రోడ్డు పక్కన నిలబడి ఫోన్లో చెప్పి ఆ రికార్డింగు పంపడం. మా ఆపరేటర్ చెవిలో పెట్టుకుని టైపు చేస్తాడు. నేను సరిచేస్తాను. అందరం అలాగే చేస్తున్నాం కాబట్టి ఆమె అలా చేయడం వింతగా అనిపించలేదు.

ఆమె చెప్పే పద్ధతి మాత్రం వేరు. పెద్దవాళ్ల దగ్గరికి పోయి కూర్చుని మాట్లాడే మనుషుల పద్ధతి అది. ముందు ఊరి సంగతి, వాన సంగతి. ఎవరెవరు వచ్చి కూర్చున్నారో, వాళ్లు ఏం పని చేస్తారో. అసలు మాట చివర్లో, గొంతు తగ్గించి. మనిషి దగ్గర మర్యాద అదే. పేపర్లో దానికి తలకిందులు. ముఖ్యమైనది ముందు రావాలి, ఎందుకంటే స్థలం చాలకపోతే పేజీలు సరిచూసే డెస్కు వాళ్లు వార్తను కింద నుంచి కోస్తారు. కత్తెర ఎప్పుడూ కింద నుంచే నడుస్తుంది. ఈ వృత్తిలో మొదటి రోజు చెప్పాల్సిన మాట ఇది. నాకు మొదటి రోజే చెప్పారు. నేను ఆమెకు చెప్పలేదు. ఆమె పంపిన ప్రతి వార్తలోనూ చివరి మాట తీసి తలమీద పెట్టడం నాకు అలవాటైపోయింది. వివరించడం కంటే సరిచేయడం తొందరగా అయ్యే పని. అదీ కాక, పనిలో నిలబడిన మనిషి చాలా రోజులకు దొరికింది. ఏమన్నా అంటే ఎక్కడ మానేస్తుందో అని నాలో ఒక భయం కూడా ఉండేది. ఆ భయానికి నేను మంచితనం అని పేరు పెట్టుకున్నాను.

రూపనగుడి దాటి లోపలికి పోయే దారిలో ఒక ఊరుంది. అక్కడి ఆడపిల్లలు బళ్లారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్లకు పనికి వస్తారు. పొద్దున వచ్చే ఒక్క బస్సూ ఆపేశారు. డ్రైవర్లు చాలరన్నారట. పిల్లలు లగేజీ ఆటోలో నిలబడి వస్తున్నారు. మా కొత్త అమ్మాయి ఆ సంగతి విని, ఆ పిల్లలతో పాటు ఆ ఆటోలోనే నిలబడి ఊరి నుంచి బళ్లారి దాకా వచ్చింది. వచ్చి, ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఫోన్లో చెప్పింది. బాగా చెప్పింది. అందుకే పేరు వేద్దామన్నాను. మొదటిసారి పేరుతో వస్తోంది కదా, ఆమె చెప్పిన వరసలోనే పోనిద్దాం అనుకున్నాను. ఆ ఒక్కసారి నేను చివరి మాటను పైకి తేలేదు.

సాయంత్రం పేజీ మూసేసే ముందు ఆ పుట్టినరోజు ప్రకటన వచ్చింది. దానికి చోటు కావాలి. నేను జిల్లా కార్యాలయం వాళ్లతో ఫోన్లో ఉన్నాను. ఆపరేటర్ వచ్చి నిలబడ్డాడు. పాప చివర్లో ఎవరో పిల్ల గురించి ఏందో చెప్పింది అప్పా, అది పోతాది అన్నాడు. కింద నుంచి తీసెయ్, తర్వాత చూద్దాం అని చేత్తో సైగ చేశాను. ఆ పేరా నేను చదవలేదు.

ఉగ్గాని చల్లారుతుండగా ఆమె మా ముఖాలు చూసి, తర్వాత పేపర్లోకి చూసింది. ఈసారి నిజంగా చదివింది. వేలు కింద పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం. ఆమె ప్రకటన దగ్గరికి వచ్చి ఆగేదాకా మేం అలాగే కూర్చున్నాం.

"ఆ పిల్ల సంగతి రాలేదా సార్?" అంది.

స్థలం చాల్లేదమ్మా, కింద నుంచి తీసేశాం అన్నాను.

"కిందే కదా సార్ అసలుది ఉంది."

ఆపరేటర్ మెల్లగా చెప్పాడు. "పేపర్లో ముందుదే తల పాపా. కిందిది ఎప్పుడైనా పోతాది. నీకు ఎవురూ చెప్పలేదా?" ఆ ప్రశ్న ఆమెకు కాదు. చెప్పి నావైపు చూశాడు.

ఆమె పేపరు మడిచింది. పొద్దున్నే శీర్షిక, పేరు చూసుకుని, సంతోషంలో ఆ ఊరికి ఫోన్ చేసి, మీరు చెప్పిందంతా పడిందని చెప్పేసిందట. అది చెబుతూ మడిచిన పేపరును మళ్లీ మడిచింది. చదవడం రాదని బయటపడినందుకు ఏడుస్తుందేమో అని ఒక్క క్షణం అనుకున్నాను. అది అసలు ఆమె తలలోనే లేదు.

నిజానికి చదవడం రాకపోవడం గురించి ఆమెను అనే నోరు నాకు లేదు. నా కూతురు కూడా ఈ ఊళ్లోనే ఇంగ్లీషు బళ్లో చదివింది. పేపర్లో నా పేరు కనిపిస్తే గుర్తుపట్టి ఫొటో తీసి స్నేహితులకు పంపుతుంది. కింద ఏం రాశానో అడగదు. నేనూ చెప్పను. ఇన్నేళ్లుగా మా ఇంట్లో అదొక మామూలు విషయంగానే ఉంది.

ఆ మధ్యాహ్నం ఇద్దరం ఆ ఊరికి వెళ్లాం. నేను వస్తానన్నాను, ఆమె సరే అనలేదు, వద్దనలేదు. నా స్కూటర్ వెనక కూర్చుంది. పొలాల్లో మిరప కోతలు సాగుతున్నాయి, రోడ్డు మీద ట్రాక్టర్ల దుమ్ము. మామూలుగా అయితే నేను ఆ దుమ్ములో కూడా ఏదో ఒక పాఠం చెప్పేవాణ్ని.

చేయి విరిగిన పిల్లకు పద్దెనిమిదో పందొమ్మిదో ఉంటాయి. గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది, కట్టు మెడకు వేలాడుతోంది. షెడ్డులో చేరినప్పుడు కొన్నాళ్లు దారాలు కత్తిరించే పని ఇచ్చారట. అందరికీ మొదట అదే. మిషను మీద కూర్చోబెట్టి ఎక్కువ రోజులు కాలేదు. వంకర లేకుండా కుట్టు వస్తోందని అప్పుడప్పుడే మెచ్చుకున్నారట. ఇంతలో ఆటోలోంచి పడింది. ఆమె కోరింది డబ్బు కాదు, ఆస్పత్రి ఖర్చు కూడా కాదు. చెప్పకుండా మానేసిన పిల్ల అని పేరు పడితే బళ్లారిలో వేరే షెడ్డు ఏదీ తీసుకోదు. తను మానేయలేదని, పడి చేయి విరిగిందని పేపర్లో వస్తే, ఆ ముక్క పట్టుకుని ఇంకో షెడ్డుకు పోవచ్చు. మా అమ్మాయి అది వేయిస్తానని మాట ఇచ్చింది. ఆమె దృష్టిలో అది పెద్ద మాట ఇవ్వడం కూడా కాదు. రిపోర్టరు చెబితే పేపర్లో వస్తుంది. ఉద్యోగం అంటే అదేనని ఆమె అనుకుంది.

తల్లి లోపలి నుంచి పేపరు తెచ్చింది. టీ అంగడి వాళ్లను అడిగి తెచ్చుకుందట. మడతలు పడకుండా పళ్లెం మీద పరిచి తెచ్చింది. మా అమ్మాయి ముందు పెట్టి, "నాకు సదవను రాదు పాపా. మా పిల్ల సంగతి ఈడ యాడుందో రవ్వంత ఏలు పెట్టి సూపియ్యి" అంది.

వేలు పెట్టడానికి చోటు లేదు. మా అమ్మాయి పళ్లెం పక్కకు జరిపింది.

"రాలేదక్కా. నేను చివర పెట్టాను. చివర పెట్టకూడదంట. నా తప్పే."

అది ఆమె తప్పు కాదని చెప్పాల్సిన మనిషి ఆ గడప ముందు ఒకడే ఉన్నాడు. నేను నోరు తెరిచాను. ఏళ్ల తరబడి ఇలాంటి గడపల ముందు ఏ మాట వస్తుందో ఆ మాటే వచ్చింది. రేపు వేస్తామమ్మా అన్నాను.

తల్లి నన్ను నమ్మింది, చేతులు జోడించింది. పిల్ల నమ్మలేదు. "రేపంటే ఎప్పుడప్పా?" అంది, కోపం లేకుండా. "ఆ మిషను మీద వేరే పిల్లని కూకోబెట్టినారు. ఆ పిల్ల మా ఊరిదే."

తిరుగు దారిలో రూపనగుడి దగ్గర టీకి ఆగాం. అక్కడ చెప్పాను. నేనే తీసేయమన్నాను, చదవకుండా తీసేయమన్నాను అని. ఆమె గ్లాసు కింద పెట్టి, తెలుసు సార్, అన్న చెప్పాడు అంది. అన్న అంటే మా ఆపరేటర్. తిట్టినా బాగుండేది. ఇంకా నెలజీతం కూడా సరిగ్గా అర్థం కాని ఉద్యోగంలో, తన మీద వేసుకోవాల్సినంత తప్పును వేసుకుని, మిగతాది నాకు వదిలేసింది.

మర్నాడు ఆమె ఫోన్లో చెప్పలేదు. కూర్చుని రాసింది. కన్నడ అక్షరాలు మధ్యమధ్య దూరుతున్నాయి, ఆపరేటర్ పక్కన కూర్చుని చూపిస్తున్నాడు. మొదటి వాక్యమే ఆ పిల్ల. నేను ఒక్క మాట ముట్టుకోకుండా హెడ్డాఫీసుకు పంపాను. షెడ్డు యజమాని వివరణ ఏదీ అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే, నేను వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అడిగేవాణ్ని. ఆ షెడ్డుకు బోర్డు లేదు. యజమాని ఫోన్ ఎత్తడు. మా అమ్మాయి రెండుసార్లు వెళితే, ఊళ్లో లేడన్నారు. వివరణ వచ్చేదాకా ఆపి ఉంచమన్నారు.

ఈలోగా ఆ ఊరికి బస్సు మళ్లీ వేశారు. మా వార్త చూసే వేశారో, డ్రైవర్లు దొరికారో తెలియదు. హెడ్డాఫీసు నుంచి వెంటనే ఫోన్ వచ్చింది. మన వార్తకు స్పందన అని ఫొటోతో వేయమన్నారు. బస్సు ముందు పిల్లలు నిలబడి ఉన్న ఫొటో ఆమే తీసుకొచ్చింది. దానికీ ఆమె పేరే వేశారు. ఈసారి ఉగ్గాని తెప్పించలేదు, ఎవరూ చదవమనలేదు. ఆమె పేజీ తీసి, కింది వాక్యం నుంచి మొదలుపెట్టి పైకి చూసుకుంటూ పోయింది. ఇప్పుడు ఏ వార్త వచ్చినా అలాగే చూస్తుంది.

ఆ తర్వాత ఇద్దరు కొత్త కుర్రాళ్లు చేరారు. వాళ్లకు మొదటి రోజు పాఠం నేను చెప్పేలోపే ఆమె చెప్పేసింది. కత్తెర కింద నుంచి నడుస్తుందని, అందుకే ఎవరికీ ఏదీ పేపర్లో వస్తుందని చెప్పకండి అని. మొదటి సగం నాకు నచ్చింది. రెండో సగం వింటూ తలవంచుకుని నా పని చేసుకున్నాను. అది ఆమెకు ఈ ఉద్యోగం నేర్పిన సంగతి, నా దగ్గర ఉండగా నేర్చుకుంది. ఆమె పనిలో కుదురుకుందని హెడ్డాఫీసుకు నేనే రాశాను. కుదురుకుంది కూడా.

ఆ పిల్ల చేతి కట్టు విప్పేశారు. వేళ్లు ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదట, మిరప కోతలకు పోతోందట. బళ్లారిలో ఏ షెడ్డూ ఇంకా ఆమెను తీసుకోలేదు. షెడ్డు యజమాని వివరణ రాలేదు. ఆ వార్త ఈ రోజుకీ మా పత్రికలో పడలేదు.